ఇంజెక్షన్ మొదలుపెట్టాక జుట్టు ఊడిపోతోంది, మానేయమంటారా?

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. వనస్థలిపురంలో ఉంటాం, బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. షుగరూ బరువూ రెండూ అదుపులోకి రావడం లేదని ఎండోక్రినాలజిస్టు నాలుగు నెలల క్రితం వారానికోసారి వేసుకునే మౌంజారో ఇంజెక్షన్ రాశారు. 88 కిలోల నుంచి 76 కిలోలకు వచ్చాను. మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 6.8కి దిగింది. కానీ నెల రోజులుగా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. తలస్నానం చేసిన రోజు బాత్రూమ్ జాలీ మూసుకుపోతోంది, జడ సగమైంది. ఆకలి లేక పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నాలుగు ముద్దల పెరుగన్నం, రాత్రికి గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంటున్నాను. ఇదంతా బోరునీళ్ల వల్లేనని అత్తగారు అంటున్నారు. ఇంజెక్షన్ ఆపేయమని ఆఫీసులో వాళ్లు చెబుతున్నారు. ఒక హెయిర్ క్లినిక్‌లో చూపిస్తే ఆరు సిట్టింగుల పీఆర్‌పీ చికిత్స వెంటనే మొదలుపెట్టాలన్నారు. ప్రస్తుతానికి రోజూ బయోటిన్ విటమిన్ గమ్మీలు తింటున్నాను. తిరుమలలో తలనీలాలు ఇస్తే మళ్లీ ఒత్తుగా వస్తుందని అమ్మ నా పేరున మొక్కుకుంది. ఏం చేయమంటారు? - ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: ముందు మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు ఆపకండి. మీరు రాసిన వివరాలన్నీ, అంటే వేగంగా తగ్గిన బరువు, పూర్తిగా పడిపోయిన తిండి, చికిత్స మొదలైన మూడు నెలలకు ఒకేసారి మొదలైన ఊడటం, ఇవన్నీ టెలోజెన్ ఎఫ్లూవియం అనే తాత్కాలిక సమస్యకు సరిగ్గా సరిపోతున్నాయి. ఇందులో వెంట్రుక ఊడుతుంది గానీ దాని కుదురు చనిపోదు, అందువల్ల జుట్టు తిరిగి వస్తుంది. ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయడం సరికాదు కాబట్టి ఒకసారి చర్మవ్యాధుల డాక్టరుకు తల చూపించుకోవలసిందే. అయితే బట్టతల వచ్చేస్తోందన్న భయంతో మాత్రం వెళ్లనవసరం లేదు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా తెలుసుకుంటే మీకు ఇంటా బయటా వినిపిస్తున్న సలహాల్లో దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలేయాలో మీకే తెలుస్తుంది. మన తల మీద సుమారుగా లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాటిలో 85 నుంచి 90 శాతం దాకా పెరిగే దశలో ఉంటాయి, ఈ దశ రెండు నుంచి ఆరేళ్ల వరకు నడుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల చిన్న మార్పు దశ, దాని వెనుక రెండు మూడు నెలల విశ్రాంతి దశ వస్తాయి. విశ్రాంతి ముగిసిన వెంట్రుక ఊడిపోయి, అదే కుదురులో నుంచి కొత్తది మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందుకే సహజం. తీవ్రమైన జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, లేదా ఉన్నట్టుండి తిండి బాగా తగ్గిపోవడం వంటి దెబ్బ శరీరానికి తగిలినప్పుడు, ఇంట్లో డబ్బుకు కటకట వస్తే ముందుగా అత్యవసరం కాని ఖర్చులు ఆపుకున్నట్టు, శరీరం కూడా గుండెకూ మెదడుకూ కావలసినది దాచుకుని వెంట్రుకల పెరుగుదలను పక్కన పెడుతుంది. పెరుగుతూ ఉండవలసిన వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి ఆ రోజే ఊడవు, రెండు మూడు నెలలు కుదుళ్లలోనే నిలబడి ఆ తర్వాత కలిసికట్టుగా రాలతాయి.

మీ విషయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఈ రెండు మూడు నెలల ఎడం గురించే. ఇవాళ మీ దువ్వెనకు వచ్చిన వెంట్రుక ఏ నిన్నటి షాంపూ వల్లో, మొన్నటి ఇంజెక్షన్ వల్లో ఊడలేదు. మీరు చికిత్స మొదలుపెట్టిన తొలి వారాల్లో, వాంతి వచ్చేట్టుండి ముద్ద దిగని రోజుల్లోనే దాని సంగతి తేలిపోయింది. కాబట్టి ఇప్పుడు మీరు ఏ మంచి పని మొదలుపెట్టినా మొదటి రెండు నెలలు అది పనిచేయనట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత ఊడటం దానంతట అదే తగ్గే సమయానికి మీరు ఏది వాడుతూ ఉంటే దానికే పేరొస్తుంది. నూనెలు, గమ్మీలు, సిట్టింగులు అమ్మేవారి దగ్గర కనిపించే ముందు, తర్వాత ఫొటోలలో చాలావాటి వెనుక ఉన్నది ఈ సహజమైన కోలుకోవడమే. ఈ లెక్క తెలియకపోతే మనిషి నెలకొక మందు మార్చుకుంటూ, డబ్బు పోగొట్టుకుంటూ, ఆందోళనతో నిద్ర కూడా పాడుచేసుకుంటారు.

ఇక తప్పు మందుదా, తగ్గిన బరువుదా అన్న ప్రశ్న. మౌంజారోలో ఉన్న మందు టిర్జెపటైడ్. అమెరికాలో ఇదే మందును బరువు తగ్గడానికి జెప్‌బౌండ్ పేరుతో అమ్ముతారు. దాని అధికారిక సమాచార పత్రం ప్రకారం ప్రయోగాల్లో ఆ మందు తీసుకున్న మహిళల్లో 7.1 శాతం మంది, పురుషుల్లో 0.5 శాతం మంది జుట్టు రాలుతోందని చెప్పారు. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న మహిళల్లో ఈ సంఖ్య 1.3 శాతం. జుట్టు రాలడానికీ బరువు తగ్గడానికీ సంబంధం ఉందని ఆ పత్రమే చెబుతోంది, పైగా ఈ కారణంతో మందు మానేసినవారు ఆ ప్రయోగాల్లో ఒక్కరు కూడా లేరు. ఇదే కోవకు చెందిన సెమాగ్లుటైడ్ విషయంలో, ఆ మందును బరువు తగ్గడానికి అమ్మే పేరైన వెగోవీకి యూరప్‌లో ఇచ్చిన సమాచార పత్రం మరింత ఊరటనిచ్చే మాట చెబుతోంది. మందు తీసుకున్నవారిలో 2.5 శాతం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 1 శాతం మందికి జుట్టు రాలిందనీ, 20 శాతానికి మించి బరువు తగ్గినవారిలో ఇది ఎక్కువగా కనిపించిందనీ, చాలామందికి చికిత్స కొనసాగుతుండగానే నయమైందనీ అందులో ఉంది. ఈ ఇంజెక్షన్లు ఏవీ లేని కాలంలో కూడా బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ, కఠిన ఉపవాసాలు చేసినవారిలోనూ ఇదే తీరులో జుట్టు ఊడేది. మందుకు నేరుగా ఏ పాత్రా లేదని తేల్చి చెప్పేంత ఆధారం లేకపోయినా, తెలిసినంతలో ప్రధాన కారణం శరీరం వేగంగా తగ్గిపోవడం, తగినంత పోషణ అందకపోవడం.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది నిజానికి జాలీలో చిక్కిన జుట్టు కాదు, మీ కంచం. రెండు ఇడ్లీలలో ఉండే మాంసకృత్తులు నాలుగు గ్రాములకు అటూ ఇటూ. నాలుగు ముద్దల పెరుగన్నం, గ్లాసు పలుచని మజ్జిగ, పక్కన చెంచాడు చట్నీ అన్నీ కలిపి చూసినా మీ రోజు మొత్తం 15 గ్రాములు దాటడం కష్టం. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి సిఫారసు చేసే మోతాదు కిలో బరువుకు 0.83 గ్రాములు. మీకు తగిన బరువు 60 కిలోలు అనుకుని లెక్క వేసినా రోజుకు 50 గ్రాములు కావాలి. బరువు వేగంగా తగ్గుతున్నవారికి కండ కరిగిపోకుండా అంతకంటే కొంత ఎక్కువే, కిలోకు ఒక గ్రాము, ఆపైన, ఇవ్వాలని డాక్టర్లు చూస్తారు. వెంట్రుక దాదాపుగా కెరటిన్ అనే మాంసకృత్తుతోనే తయారవుతుంది. అవసరంలో మూడో వంతు కూడా అందని శరీరం జుట్టును పెంచుతుందని ఆశించడం న్యాయం కాదు. జుట్టు మాట అలా ఉంచినా, మెట్లెక్కేటప్పుడు కాళ్లు వణకడం, చిన్న బరువు ఎత్తితే అలసిపోవడం మొదలైతే కండ కూడా పోతోందని అర్థం.

ఆకలి లేనివారిని ఎక్కువ తినమంటే ప్రయోజనం ఉండదు, అందుకే తినే ఆ కొంచెంలో ఏముందో మార్చుకోవాలి. కంచంలో అన్నం కన్నా ముందు పప్పు, గుడ్డు, చేప, కోడి, మీల్‌మేకర్, పనీర్ లాంటివాటిలో ఏదో ఒకటి తినండి. కడుపు నిండిందనిపించాక వదిలేసేది అన్నమో ఇడ్లీయో అవ్వాలి. పొద్దున ఇడ్లీకి బదులు గుప్పెడు పెసలతో వేసిన పెసరట్టు ఒకటి తింటే 10 గ్రాములు అందుతాయి, దాంతోపాటు ఉడికించిన గుడ్డు తింటే ఇంకో 6 గ్రాములు. 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్ నానబెట్టి కూరలో వేస్తే 15 గ్రాముల దాకా వస్తాయి. మజ్జిగ మానేసి గడ్డపెరుగు తినండి. బ్యాంకులో మధ్యాహ్నం టీ తాగే వేళకు బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలో వేయించిన పల్లీలో దగ్గర పెట్టుకోండి. ఒకేసారి నిండుగా తింటే ఈ మందు వాడేవారికి వికారం పెరుగుతుంది కాబట్టి రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా తినడం మేలు, వేపుళ్లూ నూనె తేలే కూరలూ తగ్గిస్తే వికారమూ తగ్గుతుంది. అయితే మీకు నాలుగేళ్లుగా షుగర్ ఉంది. కిడ్నీల పనితీరు తెలుసుకోకుండా ప్రొటీన్ పౌడర్ డబ్బాలు తెచ్చుకోకండి. సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు ఈ మధ్య చేయించుకోకపోతే ముందు అవి చేయించుకోండి.

వాటితోపాటు మరికొన్ని రక్త పరీక్షలు అవసరం. ఎందుకంటే బరువు తగ్గడమనే కారణం కళ్ల ముందు కనిపిస్తున్నంత మాత్రాన దాని వెనుక మరొకటి లేదని అనుకోకూడదు. మీ వయసు మహిళల్లో ఐరన్ లోపం చాలా ఎక్కువ, హిమోగ్లోబిన్ ఫర్వాలేదనిపించినా శరీరంలో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు. ఆ నిల్వలను చూపేది ఫెర్రిటిన్ పరీక్ష. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గే అవకాశం ఉంది కాబట్టి అది కూడా చూడాలి. అరికాళ్ల తిమ్మిర్లు ఉంటే మరీ ముఖ్యం. విటమిన్ డీ కూడా చాలామంది డాక్టర్లు చూస్తారు. ఇంకొక ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోవాలి. జుట్టు ఊడటం మొదలవడానికి రెండు మూడు నెలల ముందు డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం ఏదైనా వచ్చిందా? హైదరాబాద్‌లో వానాకాలంలో జ్వరపడి లేచినవారు దసరా, దీపావళి దాటాక జుట్టు ఊడుతోందంటూ రావడం మాకు అలవాటైన సంగతే. మీకు రెండు కారణాలు కలిసి ఉంటే ఊడటం మరింత ఎక్కువగా కనిపిస్తుంది.

బయోటిన్ గమ్మీల గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. దయచేసి వాటిని ఆపండి. బయోటిన్ లోపం మామూలుగా భోజనం చేసేవారిలో చాలా అరుదు, లోపం లేనివారికి అది జుట్టు పెంచుతుందనడానికి సరైన ఆధారం లేదు. మనిషికి రోజుకు కావలసినది 30 నుంచి 40 మైక్రోగ్రాములైతే జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 10,000 మైక్రోగ్రాములు ఉన్నవీ ఉన్నాయి. అంత మోతాదు రక్తంలో ఉన్నప్పుడు కొన్ని ల్యాబ్ యంత్రాలు తప్పుడు ఫలితాలు ఇస్తాయి. టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా చూపించి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందన్న భ్రమ కలిగించవచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షలో అసలు విలువ కన్నా తక్కువ చూపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది. షుగర్ ఉన్నవారికి గుండె జబ్బుల ముప్పు ఎక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పరీక్షలకు రక్తం ఇవ్వడానికి కనీసం రెండు మూడు రోజుల ముందే గమ్మీలు ఆపి, వాటిని తిన్నానని ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి. అలాగే ఎవరో చెప్పారని విటమిన్ ఏ, సెలీనియం ఉన్న మాత్రలు రెండు మూడు రకాలు కలిపి వేసుకోకండి, అవి మోతాదు మించితే వాటివల్లే జుట్టు ఊడుతుంది. ఐరన్ కూడా ఫెర్రిటిన్ తక్కువగా ఉందని తేలాకే వాడాలి. వాడవలసి వస్తే టీ, కాఫీలకు దూరంగా వేసుకోండి.

మీ అత్తగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. మన శివారు కాలనీల బోరునీళ్లలో ఉప్పుశాతం ఎక్కువ, వాటితో తలస్నానం చేస్తే జుట్టు పీచులా ఎండి మధ్యలో తెగుతుంది. కానీ తెగడం వేరు, కుదురుతో ఊడటం వేరు. ఊడిన వెంట్రుకలను నాలుగైదు తీసుకుని తెల్ల కాగితం మీదో నల్ల గుడ్డ మీదో పరిచి చూడండి. మీ జడంత పొడవుండి ఒక చివర గుండుసూది తలకాయంత కూడా ఉండని తెల్లటి బుడిపె కనిపిస్తే అది విశ్రాంతి దశ ముగిసి ఊడిన వెంట్రుక, దానికీ నీళ్లకూ సంబంధం లేదు. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే తెగినవి. ఆ తెల్ల బుడిపెను చూసి కుదురే ఊడి వచ్చేసిందని చాలామంది హడలిపోతారు, కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది.

ఊడుతుందన్న భయంతో తలస్నానం వాయిదా వేయకండి. వారం రోజుల జుట్టు ఒకేసారి కనిపించి గుండె గుభేల్‌మనడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. జడ బిగించి లాగకుండా వదులుగా వేసుకోండి. నూనె రాసుకోవడం మీకు ఇష్టమైతే రాసుకోండి, కానీ కుదుళ్లు కదిలేలా మర్దన చేయనక్కరలేదు.

పీఆర్‌పీ సంగతి. మీ రక్తాన్నే తీసి, అందులోని ప్లేట్‌లెట్లను వేరు చేసి తల చర్మంలోకి ఎక్కించే ఈ పద్ధతికి వంశపారంపర్యంగా వచ్చే జుట్టు పలచబడటంలో కొంత ఉపయోగం ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. దానంతట అదే తగ్గే సమస్యకు, పరీక్షలు ఒక్కటీ చేయకుండా, తొలి రోజే ఆరు సిట్టింగులకు డబ్బు కట్టమనడం నాకు సమ్మతం కాదు. మీరు కట్టి ఉండకపోతే కట్టకండి. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ మందు కూడా అందరికీ అవసరం ఉండదు, మొదలుపెట్టిన తొలి వారాల్లో దానివల్లే ఊడటం ఇంకొంత పెరగవచ్చు, ఇప్పటికే కుంగిపోయి ఉన్నవారికి అది తట్టుకోవడం కష్టం. డాక్టరు తల చూసి అవసరమంటేనే వాడండి.

ఆ అవసరం ఎప్పుడు వస్తుందంటే, టెలోజెన్ ఎఫ్లూవియం చాటున మరో సమస్య బయటపడినప్పుడు. పాపిట నానాటికీ వెడల్పవుతూ నడినెత్తి మీద మాత్రమే పలచబడుతుంటే, అమ్మకో అక్కకో అలాగే ఉంటే అది వంశపారంపర్యమైన రకం కావచ్చు, బరువు తగ్గడం దాన్ని ముందుగా బయటపెట్టి ఉండవచ్చు. దానికి మినాక్సిడిల్ లాంటి చికిత్స ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. తల మీద మంట, నొప్పి, పొలుసులు, చీము ఉన్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా ఆలస్యం చేయకండి. ప్రైవేటులో ఖర్చు ఎక్కువనుకుంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలు ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ ఇంజెక్షన్ దగ్గరికి వద్దాం. హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 6.8కి రావడమంటే మీ కళ్లకూ కిడ్నీలకూ కాలి నరాలకూ జరుగుతున్న నష్టం తగ్గడం. మందు హఠాత్తుగా మానేస్తే షుగర్ పెరుగుతుంది, తగ్గిన బరువులో చాలా భాగం వెనక్కి వస్తుంది. సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఊడవలసిన జుట్టు మాత్రం మీరు మానేసినా ఇంకో రెండు నెలలు ఊడుతూనే ఉంటుంది. అంచేత మానడం గురించి కాకుండా వేగం తగ్గించడం గురించి మీ ఎండోక్రినాలజిస్టుతో మాట్లాడండి. ఈ మందును 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఒక్కో మోతాదులో కనీసం నాలుగు వారాలు ఉంచి పెంచుతూ పోతారు, కానీ పెంచి తీరాలన్న నియమం లేదు. ఇప్పుడున్న మోతాదులోనే కొన్ని నెలలు ఉంచమనీ, మరీ తినలేకపోతుంటే ఒక మెట్టు దించమనీ అడగవచ్చు. వారానికి అర కిలో తగ్గినా చాలు. మీరు షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు కూడా వేసుకుంటుంటే ఇంత తక్కువ తిండితో షుగర్ పడిపోయే ప్రమాదం ఉందని గుర్తుచేయండి. మీరు అడగకపోయినా ఒక మాట. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే టిర్జెపటైడ్ వాటి ప్రభావాన్ని తగ్గించగలదు, మందు మొదలుపెట్టిన నాలుగు వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలూ కండోమ్ లాంటి అదనపు జాగ్రత్త అవసరం. పిల్లల కోసం అనుకుంటుంటే ముందే డాక్టరుకు చెప్పండి.

అమ్మగారి మొక్కు విషయంలో డాక్టరుగా నాకు అభ్యంతరం ఏమీ లేదు. తలనీలాలు సమర్పించడం భక్తికి సంబంధించినది, ఇవ్వాలో వద్దో మీరూ అమ్మగారూ నిర్ణయించుకోవలసినది. అయితే గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్న నమ్మకంతో మాత్రం ఆ పని చేయకండి. కత్తి తగిలేది చర్మం పైన ఉన్న వెంట్రుకకే గానీ లోపలి కుదురుకు కాదు, కుదుళ్ల సంఖ్య పెరగదు. గొరిగిన వెంట్రుక మొన మొద్దుగా ఉండటం వల్ల కొత్తల్లో ముతకగా, ఒత్తుగా అనిపిస్తుంది.

తిండి సరిచేసుకుని, లోపాలేవైనా ఉంటే మందులు వాడితే ఊడటం మరో రెండు మూడు నెలల్లో తగ్గుముఖం పట్టాలి, మొత్తం మీద ఆరు నెలల్లో ఆగిపోవాలి. దానికన్నా ముందే నుదుటి అంచున పొట్టిగా, నిటారుగా లేచే కొత్త వెంట్రుకలు కనిపిస్తాయి. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది కాబట్టి మీ జడ మునుపటి లావుకు రావడానికి ఏడాది, అంతకన్నా ఎక్కువే పడుతుంది. రాలిన వెంట్రుకలు రోజూ లెక్కపెట్టకుండా, నెలకొకసారి ఒకే వెలుతురులో, ఒకే చోట నిలబడి పాపిట ఫొటో ఒకటి తీయించుకోండి. ఆరు నెలలు దాటినా ఊడటం తగ్గకపోతే, లేదా పాపిట వెడల్పవుతున్నట్టు ఆ ఫొటోల్లో కనిపిస్తే, ఫొటోలూ రక్త పరీక్షల కాగితాలూ, ఇంజెక్షన్ మోతాదు ఏ తేదీన ఎంత పెరిగిందో రాసుకున్న చీటీ తీసుకుని మళ్లీ చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.